ఒకే రోజు, రెండు నగరాలు: మదర్ థెరిసా జీవితంలో సెర్బియా చరిత్ర

1929 జనవరి 6. ఐర్లండ్ నుంచి బయలుదేరిన పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఆ రోజు కలకత్తా చేరింది. సరిగ్గా అదే రోజు బెల్‌గ్రేడ్‌లో రాజు అలెగ్జాండర్ రాజ్యాంగాన్ని రద్దు చేసి, పార్లమెంటును ఎత్తేసి, అధికారమంతా తన చేతిలోకి తీసుకున్నాడు. ఈ రెండూ ఒకేరోజు జరగడం యాదృచ్ఛికమే. అయితే ఆ అమ్మాయి పుట్టిన స్కోపియే అప్పటికి ఆ రాజు ఏలుబడిలోనే ఉంది.

ఆమె పేరు ఆగ్నెస్. తర్వాత ప్రపంచానికి మదర్ థెరిసా. కోల్‌కతాలో ఆమె గడిపిన 68 ఏళ్ల గురించి మనకు చాలా తెలుసు. అంతకు ముందరి కథ అర్థం కావాలంటే మాత్రం 20వ శతాబ్దపు సెర్బియా చరిత్రలోకి వెళ్లాలి.

ఎనిమిదేళ్లలో నలుగురు పాలకులు

నిజాం పాలనలో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగం చేసి, తెలంగాణలో పింఛను తీసుకుంటున్న పెద్దవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. ఊరు కదలకుండానే రాజ్యం మారడం మనకు కొత్త కాదు. స్కోపియేలో అది మరీ వేగంగా, నెత్తుటి మధ్య జరిగింది.

1910 ఆగస్టు 26న ఆగ్నెస్ అల్బేనియన్ క్యాథలిక్ కుటుంబంలో పుట్టేనాటికి ఆ ఊరు ఒట్టొమన్ తుర్కులది. 1912 అక్టోబర్‌లో కుమనోవో యుద్ధం గెలిచిన సెర్బియా సేన స్కోపియేలో అడుగుపెట్టింది. 1346లో తమ చక్రవర్తి దుషాన్‌కు పట్టాభిషేకం జరిగిన ఊరు కాబట్టి సెర్బులకు అది విముక్తి. అక్కడి అల్బేనియన్లకు అది మరో పరాయి పాలన. 1915లో బల్గేరియా ఆక్రమించింది. 1918 డిసెంబర్‌లో సెర్బులు, క్రొయేట్లు, స్లొవీన్ల రాజ్యం ఏర్పడింది. ఆ పేరులో అల్బేనియన్లకు చోటు లేదు.

మరుసటి ఏడాదే ఆగ్నెస్ తండ్రి నికోలా చనిపోయాడు. అల్బేనియన్ల రాజకీయాల్లో తిరిగే వ్యాపారి ఆయన. రాజకీయ సమావేశానికి బెల్‌గ్రేడ్ వెళ్లి జబ్బుతో తిరిగొచ్చాడనీ, విషప్రయోగం జరిగిందనీ కుటుంబం అనుమానించింది. రుజువు మాత్రం లేదు.

పార్లమెంటులో తుపాకీ

కొత్త రాజ్యంలో అసలు తగవు ఒక్కటే: అధికారమంతా బెల్‌గ్రేడ్‌లో ఉండాలా, ప్రాంతాలకు పంచాలా? 1928 జూన్ 20న అది సభలోనే పేలింది. పునిషా రాచిచ్ అనే సభ్యుడు జరిపిన కాల్పుల్లో ఇద్దరు క్రొయేషియా సభ్యులు అక్కడికక్కడే చనిపోయారు. క్రొయేషియా రైతుల నాయకుడు స్తెపాన్ రాదిచ్ గాయాలతో ఆగస్టులో కన్నుమూశాడు. సెప్టెంబర్‌లో ఆగ్నెస్ ఇల్లు విడిచింది. జాగ్రెబ్ దాకా వచ్చి సాగనంపిన తల్లిని ఆమె మళ్లీ చూడలేదు.

దేశం చీలిపోకుండా ఆపుతానంటూ జనవరి 6న నియంతృత్వం ప్రకటించిన రాజు, అక్టోబర్‌లో దేశం పేరును యుగొస్లావియాగా మార్చాడు. పాత సరిహద్దులు చెరిపి, నదుల పేర్లతో కొత్త రాష్ట్రాలు గీయించాడు. పేరు మారినంత మాత్రాన పగలు చల్లారలేదు. 1934 అక్టోబర్ 9న ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో హంతకుడి తూటాలకు ఆయన బలయ్యాడు. కాల్చినవాడు మాసిడోనియా విప్లవ సంస్థకు చెందినవాడు.

సరిహద్దుకు అటు తల్లి

1930లలో ఆగ్నెస్ తల్లి, అక్క అల్బేనియా రాజధాని టిరానాకు మారారు. యుద్ధం తర్వాత రెండు దేశాలూ కమ్యూనిస్టులవే. కానీ 1948లో యుగొస్లావియా నేత టిటోకూ స్టాలిన్‌కూ చెడటంతో, స్టాలిన్ పక్షాన నిలిచిన అల్బేనియా తలుపులు మూసుకుంది. అక్కడి ఎన్వర్ హోజా ప్రభుత్వం మతం మీదే నిషేధం పెట్టింది. తల్లి 1972లో, అక్క 1973లో చనిపోయారు. ప్రపంచమంతా తిరిగిన థెరిసా వాళ్ల సమాధుల దగ్గరకు వెళ్లగలిగింది 1989లో.

1946 ఆగస్టు 16న కలకత్తా మతకల్లోలంలో తగలబడుతున్నప్పుడు ఆమె ఎంటాలీలోని బడిలో టీచరు. పక్కింటివాళ్లు రాత్రికి రాత్రి శత్రువులైపోవడం బాల్కన్ల నుంచి వచ్చిన మనిషికి తెలియని సంగతి కాదు. వీధుల్లోకి వెళ్లి పేదల మధ్యే బతకాలన్న నిర్ణయం ఆ సెప్టెంబర్‌లో, డార్జిలింగ్ వెళ్లే రైల్లో తీసుకున్నానని ఆమె తర్వాత చెప్పింది.

1997 సెప్టెంబర్ 5న ఆమె మరణించేనాటికి యుగొస్లావియా ముక్కలైపోయింది. మరుసటి ఏడాది కొసావోలో సెర్బులకూ అల్బేనియన్లకూ మధ్య యుద్ధం ముదిరింది. నేడు స్కోపియేలో ఆమె స్మారక గృహం ఉంది, టిరానా విమానాశ్రయానికీ కొసావో రాజధాని ప్రిష్టీనా కేథడ్రల్‌కూ ఆమె పేరే ఉంది. ఆమె మావాళ్లంటే మావాళ్లని అల్బేనియా, మాసిడోనియా వాదించుకున్నాయి. ఆమె మాత్రం భారత పౌరురాలిగా, కోల్‌కతా ఏజేసీ బోస్ రోడ్డులోని మదర్ హౌస్‌లో నిద్రిస్తోంది.