సాయంకాలపు వ్యాధి

జ్వరము వచ్చినచో ఒడలు కాలును; దెబ్బ తగిలినచో రక్తము కనబడును. అట్టి వ్యాధిని ఇంటిల్లిపాదియు నమ్ముదురు. ఉదయమున మాయమై దీపాలవేళకు తిరిగి వచ్చు వ్యాధిని నమ్మువారు అరుదు. రెండేండ్లుగా మేము అట్టి వ్యాధితో కాపురము చేయుచున్నాము. దాని పేరు నేటికిని నిశ్చయముగా తేలలేదు. తేలిన పిమ్మట వ్రాయుదమని కొంతకాలము ఊరకుంటిమి. కాని పేరు తెలియక గడచిన కాలమే వ్యాధి కంటె ఎక్కువ బాధ పెట్టినది కావున, దానిని గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మా యింట దీపము వెలిగించిన పిమ్మట భాగవతము చదువుట అలవాటు. ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు వత్తురు. చిన్ననాట మా తండ్రిగారు మమ్ము వీథి అరుగు మీద కూర్చుండబెట్టి పద్యమును రాగముతో చదువుట నేర్పిరి. మాకు గల విద్య అదియే. రెండేండ్ల క్రిందట కార్తిక మాసములో ఒకనాడు చదువుచుండగా అక్షరములు రెండేసిగా కనబడెను. ఒక కన్ను మూసికొన్నచో సరిగా నుండెను. కండ్లజోడు మార్పించితిమి; జోడు మారినది గాని చూపు మారలేదు. సంక్రాంతి నాటికి ఎడమ కనురెప్ప వ్రాలజొచ్చెను. “నిద్ర చాలలేదా, వదినా?” అని పొరుగింటివారు అడిగెడివారు. వేసవి నాటికి నాలుగు పద్యములు చదువుసరికి గొంతు ముక్కుతో పలికినట్లు మారి, ఏడవ పద్యమునకు మాట ముద్దగా నయ్యెడిది. కొంతసేపు ఊరకున్నచో మరల వచ్చెడిది. పుస్తకమును పొరుగింటి అమ్మాయి చేతికిచ్చి, అర్థము మాత్రము మేము చెప్పితిమి. పిల్లకు నేర్పుటకై ఇచ్చితిమనుకొని అందఱు సంతోషించిరి. ఆ సంతోషమును చెఱుపలేక మేమును నవ్వితిమి.

అటుపిమ్మట చేతులకు వచ్చెను. ఉదయము తల దువ్వుకొని జడ వేసికొనగలిగిన చేతులు సాయంకాలము చెవుల మీదికి లేవవు. రాత్రి సగమన్నము తినుసరికి దవడ అలసి, గడ్డమును చేతితో పట్టుకొని నమలవలసి వచ్చెడిది. ఒకనాడు త్రాగిన నీరు ముక్కులోనికి వచ్చెను. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. తెల్లవారుసరికి దాదాపు అన్నియు సరిపడుచుండెను. ఇదియే మమ్ము మోసము చేసినది.

మొదటి వైద్యులు రక్తము తక్కువయని మాత్రలిచ్చిరి. రెండవవారు థైరాయిడ్ పరీక్ష చేయించి బాగుగనే యున్నదనిరి. మూడవవారు తలకు ఎం.ఆర్.ఐ. తీయించిరి, అందును దోషము కనబడలేదు. “ఏమియు లేదమ్మా, మనస్సులో దిగులేమైన ఉన్నదా?” అని అడిగి నిద్రమాత్రలు వ్రాసిరి. మేము తెల్లవారగట్ల బస్సెక్కి, తొమ్మిదింటికి చీటి తీసికొని, పదింటికి వారి యెదుట కూర్చుండెడివారము. అప్పుడు రెప్ప సరిగా నుండును, మాట స్పష్టముగా నుండును. ఉదయము చూచిన వైద్యునకు సాయంకాలపు వ్యాధి ఎట్లు కనబడును?

కాగితములన్నియు బాగున్నవని ఇంటికి వచ్చితిమి. “డాక్టర్లే ఏమీ లేదన్నారు గదే, ఇక దిగులు మానవే తల్లీ” అని అత్తగారు వెన్ను నిమిరిరి. అది ప్రేమతో అన్నమాటయే. కాని ఆ రాత్రి అంట్లు తోమలేక పెరటిలో కూర్చున్నప్పుడు, సోమరితనమునకు మేమే వ్యాధి వేషము వేయుచున్నామా యను సందేహము కలిగెను. పరులు నమ్మకపోవుట ఒక బాధ. మనలను మనమే నమ్మకపోవుట అంతకు మించిన బాధ.

మా వారు బడిపంతులు. ఆయన ఒక నోటుపుస్తకము తెచ్చి, హాజరుపట్టీ వలె గీతలు గీసిరి. ఉదయము, మధ్యాహ్నము, దీపాలవేళ, రాత్రి అని నాలుగు గళ్లు. ప్రక్కన రెప్ప, చూపు, మాట, నమలుట, చేతులు అని అయిదు వరుసలు. ఎన్నవ పద్యమునకు గొంతు మారినదో అంకె వేయవలెను. దినమునకు రెండుమారులు అదే గోడ యెదుట, అదే వెలుతురులో సెల్‌ఫోనుతో ముఖమును ఫోటో తీసెడివారు. రెండు నెలలు తిరుగుసరికి ఉదయపు గళ్లు ఇంచుమించు ఖాళీగాను, దీపాలవేళ గళ్లు నిండుగాను కనబడెను. ఎండ ముదిరిన దినములందును, బంధువులకు వండి వడ్డించిన దినములందును గుర్తులు హెచ్చుగా నుండెను. ఆ పట్టీని చూచిన నాడు మా మీద మాకు నమ్మకము తిరిగి వచ్చెను.

దానిని తీసికొని నరముల వైద్యుల యొద్దకు పోతిమి. సాయంకాలమే చూడవలసినదని ముందుగా కోరితిమి. వారు పట్టీని అయిదు నిమిషములు చదివిరి. పిమ్మట రెప్ప వాల్చక పైకప్పును చూడుమనిరి. నిమిషము తిరుగకుండ ఎడమ రెప్ప వ్రాలెను. ఒకటి మొదలు అంకెలు గట్టిగా లెక్కింపుమనిరి; నలుబది దాటగనే గొంతు మారెను. మూసిన కన్ను మీద రెండు నిమిషములు మంచుగడ్డ నుంచి తీసినంతనే రెప్ప లేచెను. మా వారు కండ్లజోడు తీసి తుడుచుకొనిరి.

వారు అనుమానించిన వ్యాధి మయస్థీనియా గ్రేవిస్. నరము తన కొనయందు అసిటైల్‌కోలిన్ అను రసాయనమును విడుచును. కండరము మీది గ్రాహకములు దానిని అందుకొనగా కండరము కదలును. ఈ వ్యాధిలో శరీరరక్షణకై పుట్టవలసిన ప్రతిరక్షకములే దారితప్పి ఆ గ్రాహకములను చెఱుపును. నరము పలుకుచునే యుండును; వినవలసిన కండరమునకు చెవులు తగ్గిపోవును. చేసిన పనియే మరల మరల చేసినకొలది నరము విడుచు రసాయనము తగ్గును గనుక బలము సన్నగిల్లును. విశ్రాంతితో తిరిగి వచ్చును. సాయంకాలపు రహస్యమిది.

ఇంగ్లండు దేశపు వైద్యుడు థామస్ విల్లిస్ 1672లో ప్రకటించిన గ్రంథమున ఒక స్త్రీని వర్ణించెను. ఆమె మొదట చక్కగా మాటలాడును. చాలసేపు మాటలాడినచో మాట పడిపోయి, గంట రెండు గంటలకు గాని తిరిగి రాదు. ఇది తెలిసిన నాడు ఊరు పేరు ఎఱుగని ఆ తల్లి మా తోబుట్టువు వలె తోచెను. 1934లో లండను నగరములోని గ్రీనిచ్ ఆసుపత్రిలో మేరీ వాకర్ అను వైద్యురాలు, ఈ వ్యాధి క్యురారె విషము సోకినట్లున్నదని గ్రహించి, ఆ విషమునకు విరుగుడైన ఫైసోస్టిగ్మిన్‌ను 56 ఏండ్ల స్త్రీకి సూదిమందుగా ఇచ్చెను. వ్రాలిన రెప్ప లేచెను. నేడు వాడు పైరిడోస్టిగ్మిన్ మాత్ర ఆ జాతి మందే.

ఇంతటితో కథ ముగియలేదు. మా రక్తపరీక్షలో ఆ ప్రతిరక్షకములు లేవని వచ్చెను. ఆ కాగితము చూచి, మరల మొదటికే వచ్చితిమని విలపించితిమి. వైద్యులు నెమ్మదిగా చెప్పిరి: ఒంటినిండ వ్యాపించిన వారిలో నూటికి ఇంచుమించు 85 మందికి అవి కనబడును, కంటికే పరిమితమైనవారిలో సగము మందికే కనబడును. కనబడనంత మాత్రమున వ్యాధి లేదనరాదు. ఇంకొక జాతి ప్రతిరక్షకములకు రక్తము పంపిరి. థైమస్ గ్రంథిని చూచుటకు ఱొమ్మునకు స్కాను తీయించిరి. నరమును విద్యుత్తుతో పలుమారులు ప్రేరేపించి కండరపు అలసటను కొలుచు పరీక్ష వచ్చు సోమవారమునకు నిర్ణయించిరి. అంతవరకు స్వల్పముగా పైరిడోస్టిగ్మిన్ ఇచ్చిరి. మాత్ర వేసికొన్న పిమ్మట కొన్ని గంటలు అన్నము సులువుగా నమలుచున్నాము.

ఈలోపల ఇంటి పద్ధతి మార్చుకొంటిమి. బరువు పనులు ఉదయమే ముగింతుము. పీట వేసికొని కూర్చుండియే కూరలు తరుగుదుము. రాత్రి భోజనము ఆరింటికే. మెత్తని పప్పన్నము చిన్న ముద్దలుగా, మాటలాడక తిందుము. మ్రింగుట కష్టమైనను, పరుండినప్పుడు ఊపిరి చాలకపోయినను, తెల్లవారువరకు వేచియుండక తక్షణమే ఆసుపత్రికి రావలెనని వైద్యులు మరి మరి హెచ్చరించిరి. కొన్ని ఆంటీబయాటిక్ మందులును, మెగ్నీషియము గల మందులును ఈ వ్యాధిని హెచ్చించును గనుక, ఏ వైద్యునికైనను ముందుగా ఈ అనుమానమును చెప్పుచున్నాము.

సోదరీమణులారా! ఉదయమంతయు చలాకీగా తిరిగిన కోడలు దీపాలవేళకు గరిటె ఎత్తలేకపోయినచో, ఆమెను ఉదయముతో కొలువకుడు. ఎన్ని గంటలకు, ఏ పని చేయగా ఇట్లగుచున్నదని అడుగుడు. తేదీ వేసి వ్రాయుడు. వైద్యునకు ఆ కాగితము చూపుడు. తాను చెప్పిన మాటను ఇంటివారు నమ్మిరన్న ధైర్యము రోగికి కొండంత బలము.

ఇప్పుడు మా యింట భాగవతము ఉదయమే చదువుచున్నాము. వంట ముగించుకొని ఇరుగుపొరుగువారు ఎప్పటివలెనే వచ్చుచున్నారు. ఈ మార్పును ముందుగా సూచించినది అత్తగారే. నిన్న గొంతు మారక తొమ్మిది పద్యములు చదివితిమి. ఆ అంకెను పట్టీలో ఆమెయే వేసిరి.