తహసీల్ ఆఫీసులో 'సర్వర్ డౌన్' అంటున్నారా? అసలు ఆగింది సర్వరేనా.. డిస్క్ దాకా దారి ఉందో లేదో ఇలా చూస్తారు!

మిర్యాలగూడ అయినా, జడ్చర్ల అయినా.. భూమి రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుక్ చేసుకుని, సాక్షులను వెంటబెట్టుకుని వెళ్లినవాళ్లు భయపడే మాట ఒకటే. "సర్వర్ డౌన్". అంతే.. ఆ రోజు కూలి పోయింది, ఆటో కిరాయి పోయింది. అయితే కొన్నిసార్లు సర్వర్ బాగానే ఉంటుంది. డేటా ఉన్న డిస్క్ మాత్రం దానికి అందదు. ఈ తేడా ఏంటో చూద్దాం.

2020 అక్టోబర్ 29న ధరణి మొదలైనప్పటి నుంచి సాగు భూముల రిజిస్ట్రేషన్ తహసీల్ ఆఫీసులోనే, ఆన్‌లైన్‌లో జరుగుతోంది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. పైలట్‌గా తీసుకున్న నాలుగు మండలాల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని మద్దూరు ఒకటి. పోర్టల్ మారింది కానీ, అంతా సర్వర్ మీదే ఆధారపడటం మారలేదు.

డిస్క్ సర్వర్‌లో ఉండదా?

మన ఫోన్‌లో ఫొటోలు ఫోన్‌లోనే ఉంటాయి. పెద్ద డేటా సెంటర్లలో చాలావరకు అలా కాదు. పని చేసే సర్వర్ ఒక చోట, డిస్కులన్నీ వేరే పెట్టెలో. మధ్యలో కేబుళ్లు, స్విచ్‌లు. దీన్ని స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్, పొట్టిగా 'శాన్' అంటారు. ఊళ్లో ట్యాంక్ నిండా నీళ్లున్నా వాల్వ్ కట్టేస్తే ఇంట్లో నల్లా రాదు కదా.. ఇదీ అంతే.

ఇలా జరిగితే ఎంత దూరం వెళ్తుందో 2021 ఫిబ్రవరి 24న దేశమంతా చూసింది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉదయం 11.40కి ట్రేడింగ్ ఆగిపోయింది. మళ్లీ మొదలైంది మధ్యాహ్నం 3.45కి. టెలికాం లింకులు దెబ్బతిన్నాయని, దాంతో ప్రధాన శాన్ సర్వర్లకు అందకుండా పోయిందని ఎక్స్ఛేంజే చెప్పింది. లింకుల ఇబ్బందికి కారణం? రోడ్డు తవ్వకాలు!

ఇంజినీర్లు ఏం చూస్తారు?

ముందుగా పింగ్. అంటే స్టోరేజ్ పెట్టె పలుకుతోందా అని చూడటం. పలికినంత మాత్రాన డిస్క్ అందినట్టు కాదు. మామూలు నెట్‌వర్క్ మీద నడిచే ఐస్కజీ పద్ధతిలో అయితే 3260 నంబర్ పోర్ట్ తెరిచి ఉండాలి. దాన్ని ఫైర్‌వాల్ ఆపేస్తే పింగ్ వస్తుంది, డిస్క్ రాదు. పోర్ట్ తెరిచే ఉన్నా, స్టోరేజ్ దగ్గరి అనుమతి జాబితాలో ఆ సర్వర్ పేరు లేకపోతే లోపలికి రానివ్వదు.

లాగిన్ అయ్యాక డిస్క్ కనిపిస్తుంది. అక్కడితో సంబరపడిపోకూడదు. సైజు, సీరియల్ నంబర్ సరిపోవాలి, వేరే సర్వర్ డిస్క్ తగిలించుకుంటే పెద్ద గొడవే. తర్వాత కొంత డేటా చదివి చూస్తారు. రాసి చూడాలంటే మాత్రం ఫోల్డర్‌లో చిన్న టెస్ట్ ఫైల్ పెడతారు, నేరుగా డిస్క్ మీద రాస్తే ఉన్న డేటా చెడిపోతుంది.

బాగా ఏడిపించేది ఇంకోటి ఉంది. సర్వర్‌లో ప్యాకెట్ సైజు 9000 అని పెట్టి, మధ్యలో స్విచ్‌లో 1500 అనే వదిలేశారనుకోండి. చిన్న పింగ్ హాయిగా వెళ్తుంది, పెద్ద డేటా ఇరుక్కుపోతుంది. ఇరుకు కల్వర్టు మీద బైక్ వెళ్తుంది కానీ వరికోత మిషన్ వెళ్లదు కదా! అందుకే పెద్ద ప్యాకెట్‌ను ముక్కలు చేయకుండా పంపి చూడాలి.

డిస్క్‌కు సాధారణంగా రెండు దారులు పెడతారు. ఒకటి తెగినా రెండోది నడిపిస్తుంది. చిక్కు కూడా అక్కడే. ఒకటి తెగి నెలలైనా ఎవరూ గమనించకపోవచ్చు. రెండోది పోయిన రోజే అందరికీ తెలుస్తుంది. కాబట్టి పని లేని వేళ ఒక్కో దారిని కావాలనే ఆపి చూడాలి.

మరి స్క్రీన్ మీద ఆ చక్రం తిరుగుతూనే ఎందుకుంటుంది? డిస్క్ అందకపోయినా చాలా సర్వర్లు వెంటనే తప్పు చూపించవు, దారి వస్తుందేమోనని ఎదురుచూస్తాయి. డబ్బు కట్టే సమయంలో ఇలా ఆగితే వెంటనే రెండోసారి కట్టొద్దు. అప్లికేషన్ నంబర్ రాసుకుని, ముందు స్టేటస్ చూసుకోండి.