తక్కువ పెట్టుబడితో గేమింగ్ కంప్యూటర్: కూర్పు, దశలవారీ మెరుగుదల

4.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• గేమింగ్ కంప్యూటర్‌లోని ముఖ్యభాగాలు చేసే పనిని వివరించగలుగుతారు.
• ముందు కొనవలసిన భాగాలను, తరువాత కొనదగిన భాగాలను వేరుచేయగలుగుతారు.
• యంత్రానికి కావలసిన విద్యుత్తును లెక్కకట్టగలుగుతారు.
• వేగం ఎక్కడ ఆగిపోతోందో పరీక్షించి, ఆ భాగాన్ని మాత్రమే మార్చగలుగుతారు.
• సముద్రతీరంలో యంత్రాన్ని కాపాడుకొనే జాగ్రత్తలు పాటించగలుగుతారు.

4.1 పరిచయం

నెల్లూరు తీరంలో మైపాడు నుంచి కృష్ణపట్నం వరకు ఉన్న ఊళ్లలో రొయ్యల గుంటల మీద ఆధారపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈ ఇళ్లలో ఆదాయం నెలనెలా రాదు. పట్టుబడి బాగా జరిగి, రేటు కలిసివస్తే నాలుగు డబ్బులు చేతికి వస్తాయి. తెల్లమచ్చ వ్యాధి సోకితే గుంట ఎండగట్టుకొని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. అలాంటి ఇంట్లో కొడుకో కూతురో గేమింగ్ కంప్యూటర్ కావాలని అడిగినప్పుడు తల్లిదండ్రులకు రెండే దారులు కనిపిస్తాయి: వద్దనడం, లేదా అప్పు చేసి ఒకేసారి కొనివ్వడం.

మూడో దారి కూడా ఉంది. సెల్‌ఫోన్‌కు లేని ఒక సౌలభ్యం డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు ఉంది. దాన్ని విడిభాగాలుగా కొని, మనమే కూర్చుకొని, చేతిలో డబ్బు ఆడినప్పుడు ఒక్కొక్క భాగం మార్చుకోవచ్చు. ఆటలు ఆడే యంత్రమే వీడియో ఎడిటింగ్, ఇంజనీరింగ్ డ్రాయింగ్, ప్రోగ్రామింగ్ వంటి చదువు పనులకూ ఉపయోగపడుతుంది. అయితే భాగాలను కొనే వరుస తప్పితే దశలవారీ కొనుగోలు ఒకేసారి కొన్నదానికంటే ఎక్కువ ఖర్చవుతుంది. ఆ వరుసను నిర్ణయించుకోవడమే ఈ పాఠ్యభాగంలోని ముఖ్యవిషయం.

4.2 ఆట తెరమీదకు వచ్చే విధానం

తెరమీద కదలిక అంటే వెంటవెంటనే మారే నిశ్చల చిత్రాలే. ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేమును సుమారు 16.7 మిల్లీసెకన్లలో తయారుచేయాలి. ఇందులో ప్రాసెసర్ ఆటగాళ్లు ఎక్కడున్నారు, బంతి ఎటు పోతోంది అన్న లెక్కలు చేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఆ లెక్కల ప్రకారం బొమ్మ గీస్తుంది. ర్యామ్ అప్పటికి అవసరమైన సమాచారాన్ని చేతికందేలా ఉంచుతుంది. ఎస్‌ఎస్‌డీ ఆట మొత్తాన్ని నిల్వచేస్తుంది.

గీయవలసిన చుక్కల సంఖ్య తెరను బట్టి మారుతుంది. 1920 × 1080 తెరలో సుమారు 20.7 లక్షల చుక్కలు, 2560 × 1440 తెరలో సుమారు 36.9 లక్షల చుక్కలు, 3840 × 2160 తెరలో సుమారు 82.9 లక్షల చుక్కలు ఉంటాయి. అంటే పెద్ద రిజల్యూషన్ మానిటర్ కొంటే దానికి తగిన గ్రాఫిక్స్ కార్డు ఖర్చును కూడా మీద వేసుకున్నట్లే. తక్కువ బడ్జెట్‌లో ఉన్నవారికి 1920 × 1080 సరిపోతుంది.

కాలువ ఎంత వెడల్పుగా ఉన్నా, ఇరుకైన తూము ఎంత నీరు వదిలితే పొలానికి అంతే చేరుతుంది. కంప్యూటర్‌లోనూ అన్నిటికంటే నెమ్మదిగా పనిచేసే భాగమే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. ఈ పాఠంలో దాన్ని ‘ఇరుకు తూము’ అని పిలుద్దాం.

4.3 నిలిచే భాగాలు, మారే భాగాలు

భాగాలను రెండు తరగతులుగా విభజించుకోవాలి. పవర్ సప్లై, క్యాబినెట్, మానిటర్, మదర్‌బోర్డు చాలాకాలం నిలిచేవి. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కాలక్రమంలో మార్చేవి లేదా పెంచేవి. మొదటి తరగతిలో నాణ్యత విషయంలో రాజీపడకూడదు. రెండో తరగతిని చిన్నగా మొదలుపెట్టవచ్చు.

మదర్‌బోర్డు ఎంపికలో సాకెట్ కీలకం. ఏఎండీ సంస్థ ఏఎం4 సాకెట్ దీనికి మంచి ఉదాహరణ. 2017 మార్చిలో మొదటి రైజెన్ ప్రాసెసర్లు ఈ సాకెట్‌తోనే వచ్చాయి. 2020 నవంబరులో వచ్చిన రైజెన్ 5000 శ్రేణి కూడా ఇదే సాకెట్‌లో అమరింది. తొలిరోజుల బోర్డులు చాలావాటికి 2022లో బయోస్ అప్‌డేట్ ద్వారా ఈ కొత్త ప్రాసెసర్లను వాడుకొనే అవకాశం దొరికింది. అంటే బోర్డు మార్చకుండానే కొన్ని తరాలు ముందుకు వెళ్లగలిగారు. 2022లోనే ఏఎం5 సాకెట్ వచ్చింది. అది డీడీఆర్5 ర్యామ్‌నే స్వీకరిస్తుంది. డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్‌ల గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి కనుక ఒకదాని స్థానంలో మరొకటి పట్టదు.

కాబట్టి కొనేముందు వేసుకోవలసిన ప్రశ్న: “ఈ బోర్డులో ఇంతకంటే మెరుగైన ప్రాసెసర్ రేపు పెట్టుకోగలనా?” లేదని తేలితే, ఆ బోర్డు ధర తగ్గిన మేరకే మనకు లాభం, మెరుగుదలకు దారి మూసుకుపోయినట్లే.

4.4 మొదటి దశ: గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రారంభం

ఖర్చులో పెద్ద వాటా సాధారణంగా గ్రాఫిక్స్ కార్డుదే. దాన్ని వాయిదా వేయగలిగితే మొదటి దశ తేలికవుతుంది. ఇందుకు ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండాలి. ఏఎం4 ప్రాసెసర్లలో పేరు చివర ‘జీ’ అక్షరం ఉన్నవాటిలో, ఉదాహరణకు రైజెన్ 5 5600జీలో, ఇది ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉంటే అంతర్గత గ్రాఫిక్స్ లేదని అర్థం. కొంచెం చవక అని ‘ఎఫ్’ రకం కొని, కార్డు లేకుండా ఆన్ చేస్తే తెరమీద ఏమీ రాదు.

అంతర్గత గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. అందువల్ల 16 జీబీ ఒకే ముక్కగా కాక, 8 జీబీ ముక్కలు రెండు వేయాలి. అప్పుడు సమాచారం రెండు మార్గాల్లో ప్రవహిస్తుంది. నాలుగు స్లాట్లున్న బోర్డులో ఏ రెండింటిలో పెట్టాలో బోర్డుతోపాటు వచ్చే పుస్తకం చెబుతుంది. బయోస్‌లో ర్యామ్ ప్రొఫైల్‌ను ఆన్ చేయకపోతే, డబ్బిచ్చి కొన్న వేగం కూడా అందకపోవచ్చు.

4.5 విద్యుత్ లెక్క

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. జీవితమంతా భౌతికశాస్త్రం బోధించిన నేను, మా మనవడి కోసం కూర్చిన యంత్రంలో క్యాబినెట్‌తోపాటు వచ్చిన చవక పవర్ సప్లైనే ఉంచేశాను. వాన కురుస్తున్న ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. వెంటనే కాలిన వాసన వచ్చింది. పవర్ సప్లై పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. మిగుల్చుకున్నానని సంబరపడిన సొమ్ముకు ఎన్నోరెట్లు పోగొట్టుకున్నాను. “తాతా, రెండో దశ కంటే ముందు మళ్లీ మొదటి దశా?” అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఉదాహరణ లెక్క: రైజెన్ 5 5600జీ పూర్తి భారంతో పనిచేసేటప్పుడు సుమారు 88 వాట్లు తీసుకోగలదు. తరువాత చేర్చదలచిన ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డుకు 132 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు కలిపి 60 వాట్లు అనుకుందాం. మొత్తం 280 వాట్లు. క్షణికంగా పెరిగే వాడకానికీ, రేపటి మార్పులకూ చోటుంచి దీన్ని 1.6తో గుణిస్తే 448 వస్తుంది. కాబట్టి 450 వాట్లకు తగ్గకుండా, వీలైతే 550 వాట్ల పవర్ సప్లై కొనాలి. ఇది మొదటి దశలోనే కొనవలసిన భాగమని గమనించండి. పెట్టెమీద ఉండే ‘80 ప్లస్’ ముద్ర విద్యుత్తును ఎంత వృథా లేకుండా వాడుతుందో చెబుతుంది. అదొక్కటే రక్షణకు హామీ కాదు. వారంటీ ఎన్నేళ్లో, రక్షణ సర్క్యూట్లు ఉన్నాయో లేదో కూడా చూడాలి.

కరెంటు బిల్లు లెక్క కూడా తేలికే. మానిటర్‌తో కలిపి 400 వాట్లు వాడే యంత్రాన్ని రోజుకు 3 గంటలు నడిపితే 30 రోజులకు 36 యూనిట్లు అవుతాయి.

4.6 కూర్చేటప్పుడు

పని మొదలుపెట్టే ముందు ఏదైనా లోహపు వస్తువును తాకి ఒంటిమీది స్థిరవిద్యుత్తును వదిలించుకోవాలి. ప్రాసెసర్ మూలన ఉన్న త్రికోణం గుర్తును సాకెట్ మీది గుర్తుతో కలిపి ఉంచాలి. బలవంతంగా నొక్కకూడదు. ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ శనగగింజంత చాలు. బోర్డుకు వచ్చే పెద్ద 24 పిన్నుల కేబుల్‌తోపాటు ప్రాసెసర్ దగ్గరి 8 పిన్నుల కేబుల్ కూడా తగిలించాలి. గ్రాఫిక్స్ కార్డు చేర్చాక మానిటర్ తీగను బోర్డుకు కాక కార్డుకే కలపాలి. కార్డు కొన్నా వేగం పెరగలేదని బాధపడేవారిలో కొందరి సమస్య ఈ తీగే.

4.7 రెండో దశ: కొలిచి మార్చడం

డబ్బు చేతికి రాగానే కొత్త భాగం కొనకండి. ముందు ఇరుకు తూము ఎక్కడుందో పరీక్షించండి. ఎప్పుడూ ఆడే ఆటలో సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో రాసుకోండి. తరువాత రిజల్యూషన్ తగ్గించి మళ్లీ చూడండి.
• ఫ్రేములు బాగా పెరిగితే, ఆగుతున్నది గ్రాఫిక్స్ వద్ద.
• పెద్దగా మారకపోతే, ఆగుతున్నది ప్రాసెసర్ వద్ద.
• ర్యామ్ నిండిపోయి మధ్యమధ్య కుదుపులు వస్తుంటే, ర్యామ్ వద్ద.
• ఆట తెరుచుకోవడం మాత్రమే ఆలస్యమైతే, నిల్వ పరికరం వద్ద.

వాడిన గ్రాఫిక్స్ కార్డులు కొనడం ఒక పొదుపు మార్గం. క్రిప్టో కరెన్సీ మైనింగ్ కోసం కార్డులకు గిరాకీ పెరిగిన కాలంలో మామూలు కొనుగోలుదారులకు అవి అందుబాటులో లేకుండా పోయాయి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం ఆ పద్ధతిని వదిలేశాక ఎన్నో పాత కార్డులు అమ్మకానికి వచ్చాయి. అలాంటి కార్డును కనీసం అరగంట ఆట నడిపించి, ఫ్యాన్ల శబ్దం, వేడి, తెరమీద మచ్చలు చూసిన తరువాతే డబ్బు చెల్లించాలి. పవర్ సప్లై మాత్రం వాడినది కొనవద్దు. లోపలి కెపాసిటర్ల వయసు పైకి కనిపించదు.

4.8 తీరప్రాంత జాగ్రత్తలు

మామూలు ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే నీటిని పీల్చుకొని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడ్ అంతకంటే చాలా తక్కువ తేమకే కరుగుతుంది. సముద్రపు గాలితో వచ్చిన ఉప్పు దుమ్ము బోర్డుమీద చేరి తేమ పట్టితే, విద్యుత్ ప్రవహించే పలుచని పొర ఏర్పడి లోహాన్ని తినేస్తుంది. అందువల్ల:
• యంత్రాన్ని సముద్రంవైపు కిటికీకి దూరంగా, నేలమీద కాకుండా బల్లమీద ఉంచాలి.
• గాలి లోపలికి వచ్చే చోట దుమ్ము జాలీలు ఉన్న క్యాబినెట్ ఎంచుకొని, వాటిని పదిహేను రోజులకొకసారి శుభ్రం చేయాలి. తడి గుడ్డ లోపల వాడకూడదు.
• నెలల తరబడి వాడకుండా ఉంచకూడదు. నడుస్తున్న యంత్రంలోని వెచ్చదనం తేమను దూరంగా ఉంచుతుంది.
• రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం బరువైన ఆటలు మానడం మంచిది. గది ఎంత వేడెక్కితే లోపలి భాగాలు అంత వేడెక్కుతాయి.
• ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. వేసవిలో ఎర్త్ గుంటలో నీళ్లు పోయాలి.
• ఉరుములు మొదలైతే ప్లగ్గు తీసేయాలి. స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు.
• యూపీఎస్ కొనేటప్పుడు వాట్లు చూడాలి. 600 వీఏ అని రాసి ఉన్నవి సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తాయి. సైన్ తరంగం ఇచ్చేవి మేలు.

4.9 కొనుగోలు

నెల్లూరు దుకాణాల్లో ధర తెలుసుకొని, చెన్నై రిచీ స్ట్రీట్ లేదా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ ధరలతో పోల్చుకోండి. పోల్చేటప్పుడు రానుపోను ఖర్చు, జీఎస్టీ కలపడం మరవద్దు. బిల్లులో ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోండి. బిల్లు లేకుండా తక్కువ ధర ఇస్తామన్నచోట వదులుకుంటున్నది వారంటీని. బోర్డు పాడైన రోజున ఆ కాగితమే మీ డబ్బు.

4.10 సారాంశం

నిలిచే భాగాలకు ముందు ఖర్చు పెట్టాలి. మారే భాగాలను చిన్నగా మొదలుపెట్టాలి. కొలవకుండా ఏదీ మార్చకూడదు. ఈ మూడు పాటిస్తే ఒక పట్టుబడికి మొదటి దశ, మరో పట్టుబడికి గ్రాఫిక్స్ కార్డు, ఆపైన ప్రాసెసర్ అన్నట్లు అప్పు లేకుండా ముందుకు పోవచ్చు. ఏ పంటైనా దెబ్బతింటే, కొన్న యంత్రం అప్పటికీ పనిచేస్తూనే ఉంటుంది, నెలకట్టు బాకీ మాత్రం ఉండదు.

4.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ప్రాసెసర్‌కు 65 వాట్లు, కార్డుకు 170 వాట్లు, మిగిలినవాటికి 60 వాట్లు అయితే ఎంత సామర్థ్యం గల పవర్ సప్లై అవసరం?
2. రిజల్యూషన్ తగ్గించినా ఫ్రేములు పెరగలేదు. ఏ భాగాన్ని మార్చాలి? ఎందుకు?
3. మీ ఇంట్లో యంత్రం పెట్టదలచిన చోటును పరిశీలించి, తేమ, వేడి, ఎర్త్ విషయాల్లో మీరు చేయవలసిన మార్పులను పది వాక్యాలలో రాయండి.

సమాధాన సూచనలు: 1. మొత్తం 295 వాట్లు, 1.6తో గుణిస్తే 472. కనుక 550 వాట్లది. 2. 4.7 చూడండి. 3. 4.8 ఆధారంగా మీ సొంత పరిశీలనతో రాయాలి.