ద్వీపంలో కార్తిక వనభోజనం

కార్తిక మాసం ప్రవేశించగానే తెలుగునాట తోటలన్నీ సందడిగా మారుతాయి. బంధుమిత్రులు, ఇరుగుపొరుగువారు ఒకచోట చేరి, ఉసిరి చెట్టు నీడన వంట చేసుకుని, పంక్తిభోజనాలు ఆరగించి, పొద్దువాలే వేళకు ఇళ్లకు చేరుకోవడం మనకు తరతరాలుగా వస్తున్న ఆచారం. మన సంస్థ ఉద్యోగులు పలుచోట్ల సకుటుంబంగా ఈ వేడుక జరుపుకొంటున్న సంగతి పాఠకులకు తెలిసినదే. అయితే విశాఖ తీరానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన, నలుదిక్కులా సముద్రం ఆవరించి ఉన్న అండమాన్ దీవులలో వనభోజనం ఎలా జరుగుతుంది? అక్కడ ఉద్యోగరీత్యా నివసిస్తున్న మావంటివారికి ఆ వేడుక ఏమి నేర్పింది? ఈ రెండు విషయాలు పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. పాత అలవాటు కొద్దీ మా నోట ఇంకా పాత పేరే వస్తూ ఉంటుంది. ఈ ఊరిలో తెలుగువాడు ఒంటరివాడు కాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో ప్రతి వందమందిలో సుమారు 13 మందికి మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అనేకం. అందుచేత ఉగాదికి పచ్చడి, సంక్రాంతికి ముగ్గులు, కార్తికానికి వనభోజనం ఇక్కడ కూడా తప్పనిసరి.

పేరులేని బృందం

మా కాలనీలో మొక్కలంటే ఇష్టమున్న కుటుంబాలు పద్దెనిమిది దాకా ఉన్నాయి. మాది సంఘం అనడానికి కూడా వీలులేదు. పేరు లేదు, రిజిస్ట్రేషను లేదు, చందా పుస్తకం లేదు. నెలకొక ఆదివారం ఎవరో ఒకరి పెరటిలో కలుసుకుంటాము. ఒకరి కరివేపాకు పిలకలు మరొకరి ఇంటికి, వారి బచ్చలి తీగ ఇంకొకరి ఇంటికి చేరుతూ ఉంటాయి. సభ్యులలో తెలుగువారే ఎక్కువైనా బెంగాలీలు, తమిళులు, మలయాళీలు కూడా ఉన్నారు. మొక్కల భాషకు అనువాదం అక్కరలేదు కదా!

ఇక్కడ తోటపని తీరు వేరు. రెండు ఋతుపవనాలూ ఈ దీవులను తడుపుతాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. ఆ వానలకు మట్టిలోని సారం కొట్టుకుపోతుంది. కుండీ అడుగున నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. అందుకే గులకరాళ్లు, బొగ్గు ముక్కలు, కొబ్బరి పీచు లేని కుండీ మా బృందంలో కనబడదు. జనవరి నుండి ఏప్రిల్ వరకు పరిస్థితి తలకిందులవుతుంది. కుళాయి నీరు ప్రతిదినమూ రాని రోజులుంటాయి. అప్పుడు బియ్యం కడిగిన నీరే కూరపాదులకు ప్రాణాధారం.

ఉసిరి మొక్క వివాదం

రెండేళ్ల క్రిందట వనభోజనానికి ఏర్పాట్లు చేసుకుంటుండగా మా సహోద్యోగి ఒకరి తల్లిగారు, మేమందరమూ మామ్మగారని పిలుచుకునే పెద్దావిడ, "అన్నీ ఉన్నాయి గాని, పళ్లెం పెట్టుకోవడానికి ఒక ఉసిరి చెట్టయినా లేదేమర్రా?" అన్నారు. నిజమే. మేము వెళ్లే తోటలో కొబ్బరి, పోక, మామిడి, పనస ఉన్నాయి గాని ఉసిరి లేదు.

ఆ మాట వినగానే కొత్తగా బదిలీపై వచ్చిన యువ మిత్రుడొకరు ఉత్సాహంగా లేచి, "మామ్మగారూ, నేను సెలవు మీద విశాఖ వెళుతున్నాను. మంచి అంటుమొక్క ఒకటి, మట్టిముద్దతో సహా, ఓడలో తెచ్చేస్తాను" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కరు మాత్రం కొట్టలేదు. ఆయన ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ పొందినవారు. అందరికీ మాస్టారు.

"బాబూ, మొక్క తేవాలన్న నీ మనసు మంచిదే. కాని దాని వేళ్ల చుట్టూ ఉండే మట్టిలో ఇంకా ఏమేమి వస్తాయో చూసి తేగలవా?" అని మాస్టారు అడిగారు.

యువ మిత్రుని ముఖం చిన్నబోయింది. "ఇన్నాళ్లూ ఎవరెవరో తెస్తూనే ఉన్నారు కదండీ. నేను తెస్తేనే తప్పా?" అన్నారు. ఆ ప్రశ్నకు ఎవరూ వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పవలసినవాడిని నేనే.

అంతకు మూడేళ్ల మునుపు నేను ప్రధాన భూభాగం నుండి ముద్దమందార మొక్కలు నాలుగు కుండీలతో సహా తెచ్చుకున్నాను. ఆకుల అడుగున తెల్లని దూదివంటి పిండినల్లి ఉన్నట్లు గమనించలేదు. నెల తిరిగేసరికి నా మొక్కలు ముడుచుకుపోయాయి. అంతటితో ఆగితే నా నష్టం నాది. కాని అది గోడ దాటి, పొరుగున ఉండే బెంగాలీ దీదీ పన్నెండేళ్లుగా పెంచుకున్న మందార కంచెకు పట్టింది. ఆమె పూజకు పువ్వులన్నీ ఆ కంచె నుండే. వేపనూనె చల్లారు, కొమ్మలు కత్తిరించారు. చివరకు కంచె మొత్తం పెరికి తగలబెట్టక తప్పలేదు. దీదీ నన్ను ఒక్కమాట అనలేదు. అసలు కారణం నా కుండీలేనని నేను ఆమెకు చెప్పనూ లేదు. ఆనాటి సమావేశంలో, ఆమె ఎదుటనే, ఆ సంగతి అందరికీ చెప్పాను. ఆమె కాసేపు మౌనంగా ఉండి, "నాకు అప్పుడే తెలుసు. మీరే చెబుతారని చూశాను" అన్నారు. ఆ మాటతో నేను తల ఎత్తలేకపోయాను. యువ మిత్రుడు మాత్రం, "అయితే నేను తేనులెండి" అని మెల్లగా అన్నారు.

ద్వీపం నేర్పే పాఠం

మాస్టారు చెప్పినది భయపెట్టడానికి కాదు. ఈ దీవుల చరిత్రలోనే అందుకు నిదర్శనాలున్నాయి. వాన వెలిసిన సాయంకాలం మా పెరళ్లలో అరచేయంత నత్తలు బయలుదేరుతాయి. ఇవి ఇక్కడివి కావు, ఆఫ్రికా ఖండానికి చెందినవి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నుండి 1945 వరకు జపాను సైన్యం ఈ దీవులను ఆక్రమించుకున్న రోజులలో ఇవి ఇక్కడికి చేరాయి. యుద్ధం ముగిసింది, సైన్యం వెళ్లిపోయింది, నత్తలు మిగిలిపోయాయి. ఒక్కొక్క నత్త వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. నారుమడి, బొప్పాయి, బంతి, కూరపాదు, దేనినీ విడిచిపెట్టదు. బ్రిటిష్ పాలనాకాలంలో తెచ్చి వదిలిన చుక్కల జింకల కథా ఇటువంటిదే. వాటిని వేటాడే పెద్దపులి, చిరుతపులి ఈ అడవులలో లేవు. అందుచేత అవి పెచ్చుపెరిగి లేత మొక్కలను మేసివేస్తూ అడవి తిరిగి ఎదగకుండా చేస్తున్నాయి.

ప్రధాన భూభాగంలో ఒక చీడ ఒక జిల్లాను పాడుచేస్తే పక్క జిల్లా ఆదుకుంటుంది. ద్వీపానికి పక్క జిల్లా లేదు. ఇక్కడి అడవులలో పుష్పించే మొక్కలు 2,000 జాతులకు పైగా ఉన్నాయి. వాటిలో 200కు పైగా జాతులు ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగవు. ఇక్కడ పోయినది ఇక ఎక్కడా దొరకదన్నమాట.

వివాదానికి ముగింపు మామ్మగారే పలికారు. "చెట్టు కింద తినమన్నారు గాని, ఆ చెట్టు విశాఖ నుంచి కుండీతో రావాలని ఎవరన్నారు నాయనా? బజారులో ఉసిరికాయలు లేవూ? గింజ నాటండి" అన్నారు. ఆ ఏడాది వనభోజనంలో ఉసిరికాయల మీద వత్తులు వెలిగించి దీపాలు పెట్టుకున్నాము. మిగిలిన కాయల టెంకలను మాస్టారు జాగ్రత్తగా మూటగట్టుకున్నారు.

ఉసిరి టెంకను పగులగొట్టనక్కరలేదు. గుజ్జు తీసి, కడిగి, ఎండలో పెడితే అదే విచ్చుకుంటుంది. లోపల ఆరు చిన్న గింజలుంటాయి. వానలు తగ్గిన జనవరి ఎండలో టెంకలు ఎండబెట్టి, గింజలను ఒక రాత్రి నీటిలో నానవేసి, అడుగుకు మునిగినవాటినే మాస్టారు నాటారు. తేలినవి తాలు గింజలట. రెండు మూడు వారాలలో మొలకలు తలయెత్తాయి. నత్తల బారినుండి కాపాడడానికి నారు తట్టలను నీళ్ల పళ్లెంలో ఇటుకల మీద నిలబెట్టారు. మొత్తం పదకొండు మొక్కలు దక్కాయి.

వేడుక నాడు

నిరుటి కార్తికంలో ఒక ఆదివారం నాడు నగర శివారులోని మిత్రుని కొబ్బరి తోటలో వనభోజనం జరిగింది. ఈ దీవులు దేశంలో తూర్పుకొసన ఉండుటచేత కార్తికంలో సాయంత్రం అయిదు గంటలకే పొద్దు కుంకుతుంది. కనుక ఏడు గంటలకల్లా పొయ్యిలు వెలిగించాము. తెలుగునాట ఈ సమయానికి మంచు మొదలైతే, ఇక్కడ ఇంకా వానలే. పది గంటలకు జల్లు రానే వచ్చింది. పురుషులందరూ టార్పాలిన్ నాలుగు కొనలూ పట్టుకుని నిలబడగా స్త్రీలు పులిహోర కలిపారు. ఆనాటి ఛాయాచిత్రాలు చూసి ఇప్పటికీ నవ్వుకుంటూనే ఉన్నాము.

గుమ్మడికాయ పులుసు, అరటికాయ వేపుడు, గోంగూర పచ్చడి, బచ్చలి పప్పు, అన్నీ సభ్యుల పెరటి కూరలే. దీదీ కొత్త బెల్లంతో పాయసం కాచి తెచ్చారు. పంక్తి మధ్యలో పీట వేసి, పసుపు కుంకుమలతో అలంకరించిన ఉసిరి కుండీ ఉంచాము. మొక్క ఎత్తు మోకాలి వరకే. దాని నీడ ఒక్క విస్తరిని కూడా కప్పలేదు. అయినా మామ్మగారు ఆ మొక్క పక్కనే కూర్చుని తృప్తిగా భోంచేశారు.

భోజనాల అనంతరం పిల్లలకు ఆకులు గుర్తించే పోటీ పెట్టాము. ఈ దీవుల ప్రసిద్ధ వృక్షం పడౌక్. అది మన రాయలసీమ ఎర్రచందనానికి, మన అడవుల వేగిస చెట్టుకు స్వయానా దాయాది, ఒకే ప్రజాతికి చెందినది. ఈ సంగతి చెప్పినపుడు పిల్లలకంటె పెద్దలే ఎక్కువ ఆశ్చర్యపోయారు. ఒక చిన్నారి చెట్టుకొమ్మ మీది సీతాకోకపువ్వును, అనగా ఆర్కిడ్‌ను చూపి, "అడవినుండి తెచ్చుకుని ఇంట్లో పెంచుకోకూడదా తాతగారూ?" అని అడిగింది. ఈ దీవులలో ఆర్కిడ్లు 100 జాతులకు పైగా ఉన్నాయని, వాటిని అడవినుండి తెచ్చుకోరాదని, చూడాలంటే భారత వృక్ష సర్వేక్షణ సంస్థవారు ధనికారీలో పెంచుతున్న ఉద్యానవనానికి తీసుకువెళతానని మాస్టారు మాట ఇచ్చారు. మరుసటి నెలలో ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా.

మొక్కల మార్పిడికి మేము మూడు నియమాలు పెట్టుకున్నాము. మొదటిది, బయటి ప్రాంతాల నుండి మట్టి తేరాదు. గింజలైతే శుభ్రమైనవి మాత్రమే. రెండవది, ఇచ్చిపుచ్చుకునే మొక్కల వేళ్లు కడిగి ఇవ్వాలి. మూడవది, కొత్తగా వచ్చిన మొక్కను మూడు వారాలు విడిగా ఉంచి, ఆకుల అడుగుభాగం చూసిన తరువాతనే మిగతావాటితో చేర్చాలి. నత్తలను పెద్దలే, చేతికి తొడుగు వేసుకుని, సాయంకాలం ఏరి ఉప్పునీటిలో వేయాలి. వాటి వలన రోగాలు సోకే ప్రమాదం ఉన్నందున పిల్లలను తాకనివ్వరాదు.

పంక్తి దాటిన స్నేహం

తోట యజమాని మాటల సందర్భంలో 2004 డిసెంబరు 26 నాటి సునామీని తలచుకున్నారు. ఆనాటి భూకంపానికి దక్షిణ అండమాన్‌లో నేల కుంగి, సిప్పిఘాట్ వంటి పల్లపు ప్రాంతాలలో పంటపొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. ఎత్తున ఉన్నందున తన తోట మిగిలిందని, ఆ ఏడాది కొబ్బరి పిలకలు, కూర విత్తనాలు అడిగినవారికెల్లా పంచానని ఆయన చెప్పారు. ఒకరి పెరడు పోయినా మరొకరి పెరటిలో విత్తనం ఉంటే ఊరు నిలబడుతుందని ఆయన అనుభవం.

ఆ మాట మా బృందం పట్టుకుంది. ఇపుడు ప్రతి సభ్యుడూ కనీసం రెండు రకాల కూరగాయల విత్తనం దాచి, పంచుతున్నారు. ఉద్యోగ విరమణ చేసి ఒంటరిగా ఉన్నవారి పెరటిలో నెలకొక పూట పనిచేసి వస్తున్నాము. దీదీ కంచె ఉన్నచోట, ఆమె ఎంచిన మందార కొమ్మలనే ఆమె దగ్గర నిలబడి నేనే నాటాను. ఇపుడవి నడుము ఎత్తున పూస్తున్నాయి.

ఉసిరి మొక్కలలో నాలుగు తోటలో, మిగిలినవి సభ్యుల ఇళ్లలో నాటాము. గింజనుండి పెరిగిన ఉసిరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అప్పటికి నాకు బదిలీ తప్పదు. ఈ పత్రిక చదువుతున్న మీలో ఎవరో ఒకరు నా స్థానానికి రావచ్చు. వచ్చేటపుడు మీకు ఇష్టమైన విత్తనాలు శుభ్రపరచి తెచ్చుకోండి. కుండీలు, మట్టి ఇక్కడ మేమిస్తాము. కార్తికంలో ఆ తోటకు వెళ్లి, ఆ చెట్ల కింద విస్తరి వేసుకున్ననాడు, ఎన్ని విస్తళ్లకు నీడ సరిపోయిందో ఒక ఉత్తరం ముక్క వ్రాయండి.