ఎవరు అతిథి, ఎవరిది ఎంగిలి చాకిరీ? హోటలు, టూరిజం పరిశోధనలో అడగని ప్రశ్నలు

హోటల్ మేనేజిమెంటు, టూరిజం కోర్సులు చదివే విద్యార్థులు చివర్లో ఒక ప్రాజెక్టు రిపోర్టు రాయాలి. ఎక్కువమంది ఎంచుకునే అంశం గెస్టు సంతృప్తి. దానికి బాగా వాడకంలో వున్న కొలబద్ద సర్వ్‌క్వాల్. 1988లో పరశురామన్, జైతామ్ల్, బెర్రీ అనే ముగ్గురు తయారుచేశారు. 22 అంశాలు, ఐదు విభాగాలు. గది, సామాను ఎలా వున్నాయి, చెప్పిన మాట నిలబెట్టుకున్నారా, పిలిస్తే పలికారా, నమ్మకం కలిగించారా, మీ అవసరం అర్థం చేసుకున్నారా అని అది కొలుస్తుంది.

దీనికి ముందు పేజీలో గెస్టు వయసు, చదువు, ఆదాయం, వూరు రాయిస్తారు. కులం గడి వుండదు. దుప్పటి మార్చినవాళ్ళు, పళ్ళెం కడిగినవాళ్ళు అయితే లెక్కలోకే రారు. అమెరికాలో తయారైన కొలబద్దలో కులం లేకపోవడం వింత కాదు. దాన్ని మన హోటళ్ళకు వాడేటప్పుడు కూడా ఆ గడి చేర్చాలని మనకు తోచకపోవడమే గమనించాలి.

మేము చెప్పదలచుకున్నది ఇది. మన దేశంలో అతిథి స్థానం డబ్బుతో మాత్రమే దొరికేది కాదు. కులం దాన్ని కొందరికి పుట్టుకతోనే ఇచ్చింది. కొందరికి చేతిలో డబ్బు వున్నా ఇవ్వలేదు. అతిథికి చేసే సేవలో ఏ పని ఎవరిదో కూడా కులమే పంచిపెట్టింది. ఈ రెండూ కలిపి చూడనంతకాలం ఎన్ని రిపోర్టులు వచ్చినా సగం నిజమే చెబుతాయి.

గెస్టుగా అంబేడ్కర్

గెస్టు అనుభవాల మీద పరిశోధన చేసే విద్యార్థి ముందుగా చదవవలసింది అంబేడ్కర్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. 1917లో విదేశీ చదువు నుంచి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళితే ఆయనకు వుండటానికి చోటు దొరకలేదు. చివరికి ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించి దిగారు. రోజుకు రూపాయిన్నర కిరాయి. పదకొండో రోజున పార్సీలు గుంపుగా కర్రలతో వచ్చి నిలదీశారు, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. వూళ్ళో మరెక్కడా చోటు దొరక్క కామాఠీ బాగ్ పార్కులో గంటల తరబడి కూచుని రాత్రి రైలుకు బొంబాయి వెళ్ళిపోయారు. ఇక్కడ కిరాయి బాకీ లేదు. నడవడికలో తప్పు లేదు. కొలంబియా యూనివర్సిటీ చదువు వుంది. అయినా గెస్టు కాలేకపోయారు.

రెండోది నేరుగా టూరిజం అనుభవమే. 1934లో సుమారు ముప్పైమంది సహచరులతో ఆయన ఎల్లోరా గుహలు చూడటానికి బయల్దేరి దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. అప్పట్లో అది నిజాం హైదరాబాదు సంస్థానంలోది. దారి దుమ్ము కడుక్కోవడానికి కోట ద్వారం దగ్గరి కుంటలో నీళ్ళు వాడుకున్నారు. అంటరానివాళ్ళు కుంటను మైల చేశారని స్థానిక ముస్లింలు గొడవకు దిగారు. చివరికి లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకుండా చూడమని ఒక సాయుధ సిపాయిని వెంట పంపి కోట చూడనిచ్చారు. టూరిస్టుకు గైడు వుంటాడు. దళిత టూరిస్టుకు కాపలా వుంది. హిందువులకు అంటరానివాడు పార్సీలకూ ముస్లింలకూ అంటరానివాడే అవుతున్నాడని ఈ రెండు ఘటనలతో ఆయన చూపించారు.

వీటిని పక్కన పెట్టుకుని రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు చదవండి. అందులో మొదటి భాగం దుకాణాలు, రెస్టారెంట్లు, హోటళ్ళ ప్రవేశం గురించి. రెండో భాగం బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల గురించి. బరోడా మొదటి భాగంలో వుంది. దౌలతాబాద్ రెండో భాగంలో వుంది.

సత్రం నుంచి టీ హోటలు దాకా

మన ప్రాంతంలో కూడా ఆతిథ్యం చరిత్రను కులం చరిత్ర నుంచి విడదీయలేం. శ్రీశైలం వెళ్ళి చూడండి, కులాల పేర్లతో సత్రాలు వరసగా కనబడతాయి. యాత్రకు పోయినవాళ్ళు మొదట అడిగేది ‘మనోళ్ళ సత్రం ఎక్కడ?’ అనే. వెనుకబడిన కులాలవాళ్ళు కూడా చందాలు వేసుకుని తమ సత్రాలు తాము కట్టుకున్నారు. పట్నాల్లో పూటకూళ్ళ ఇళ్ళుండేవి. గురజాడ ‘కన్యాశుల్కం’లోని పూటకూళ్ళమ్మ అందరికీ తెలుసు. బ్రాహ్మణ స్త్రీ వండితే పై కులాలవాళ్ళంతా తినొచ్చు గనక ఆ వంటే వ్యాపారమైంది. తర్వాత అదే ‘బ్రాహ్మణ భోజన హోటలు’ అనే బోర్డుగా మారింది. ఆ మాట తీసెయ్యాలని 1957లో పెరియార్ నాయకత్వంలో ద్రావిడ కళగం మద్రాసులో ఆందోళనే చెయ్యవలసి వచ్చింది.

పల్లెల్లో టీ హోటలుది ఇంకో తీరు. లోపల బల్ల మీద గ్లాసు ఒకరికి. బయట చూరులోనో గోడ గూట్లోనో వుండే గ్లాసు మనకు. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. డబ్బులు మాత్రం ఇద్దరికీ ఒకటే. అంటే డబ్బిచ్చినవాడే తన ఎంగిలి తాను కడగాలి. గెస్టూ అతనే, క్లీనరూ అతనే. 2001-02లో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో జరిగిన సర్వే ఈ వేరు గ్లాసుల పద్ధతిని నమోదు చేసింది. 2006లో అది పుస్తకంగా వచ్చింది. కె.వి.పి.ఎస్. వంటి సంఘాలు వూరూరా తిరిగి ఈ పద్ధతి మీద కొట్లాడాయి. చాలాచోట్ల ఇప్పుడు పేపరు గ్లాసు వచ్చింది. గ్లాసు పారేస్తున్నారు గాబట్టి తేడా కంటికి కనబడదు. అంటరానితనం కూడా దాంతోపాటే చెత్తబుట్టలోకి పోయిందా అన్నది అడిగి తేల్చవలసిన విషయం.

ముందు చేతులు, వెనక చేతులు

కేంద్ర పర్యాటక శాఖ 2005లో ‘అతిథి దేవో భవ’ అని ప్రచారం మొదలుపెట్టింది. అతిథి దేవుడైతే హోటలు గుడి అవుతుంది. గుళ్ళో గర్భగుడిలో ఎవరుంటారో, బయట ఎవరు వూడుస్తారో మనకు తెలుసు.

హోటలు పనిని క్లాసులో ఫ్రంటాఫీసు, వంట, వడ్డన, హౌస్‌కీపింగ్ అని నాలుగుగా చెబుతారు. దాన్ని ఇంకో తీరుగా విడగొట్టి చూడమని మేము అంటున్నాం. గెస్టు తినకముందు, వాడకముందు పనిచేసే చేతులు ముందు చేతులు. తిన్నాక, వాడాక పనిచేసే చేతులు వెనక చేతులు. వీధి హోటల్లో గల్లాపెట్టె, దోసె మాస్టరు, సప్లయరు ఒకవైపు. టేబులు తుడిచే క్లీనరు, పెరట్లో గిన్నెలు తోమే ఆడమనిషి ఇంకోవైపు. స్టార్ హోటల్లో రిసెప్షను, చెఫ్, స్టువార్డు ఒకవైపు. మాసిన దుప్పట్లు, ఎంగిలి పళ్ళేలు, బాత్రూములు ఇంకోవైపు. మధ్యనున్న గీత ఎంగిలి, మైల అనే భావాలు గీసిన గీత.

వంట చేతికీ కులం చూస్తారు, ఎంగిలెత్తే చేతికీ కులం చూస్తారు. ఒకచోట రానివ్వకుండా వుండటానికి, ఇంకోచోట పిలవటానికి. దీనికి రుజువు బడి వంటగదిలోనే వుంది. మధ్యాహ్న భోజనం వంటకు దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత కూడా దళిత స్త్రీ వండిందని పిల్లల్ని తిననివ్వని ఘటనలు దేశంలో జరుగుతూనే వచ్చాయి. అదే స్త్రీని మరుగుదొడ్డి కడగమంటే ఎవరికీ అభ్యంతరం రాదు.

జీతానికి నవ్వు కూడా అమ్మాలి. 1983లో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఎయిర్‌హోస్టెస్‌ల పనిని పరిశీలించి, మనసును అణచుకుని ముఖాన నవ్వు నిలపడం కూడా శ్రమేనని వివరించారు. ఇంటిపేరు చెబితే కులం తెలిసిపోయే మన దగ్గర ఆ శ్రమ ఇంకో మెట్టు ఎక్కువ. ‘ఏ వూరు బాబూ మీది, ఇంటిపేరేంటి?’ అని గెస్టు అడిగితే నవ్వుతూ మాట దాటెయ్యాలి. ఆ శ్రమకు సర్వ్‌క్వాల్‌లో మార్కుల్లేవు.

పేరు గెస్టును కూడా వదలదు. ఎయిర్‌బిఎన్‌బిలో గది అడిగే ప్రొఫైళ్ళ మీద అమెరికాలో జరిగిన ఒక పరిశోధన 2017లో అచ్చయింది. మిగతా అంతా ఒకేలా వుంచి పేర్లు మాత్రం మార్చారు. నల్లవాళ్ళవిగా తోచే పేర్లకు, తెల్లవాళ్ళవిగా తోచే పేర్లతో పోలిస్తే సుమారు 16 శాతం తక్కువ అంగీకారం దొరికింది. మన ఇంటిపేర్లతో, మన హోమ్‌స్టేలలో ఇలాంటి పరీక్ష చెయ్యడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఏం అడగాలి, ఎట్లా అడగాలి

ప్రాజెక్టు చేసే విద్యార్థులు ఈ కింది ప్రశ్నలు చేర్చుకోవాలని మా సూచన.

1. ఒక్కో విభాగంలో ఏ కులాలవాళ్ళు ఎందరు? ఆడవాళ్ళెందరు, మగవాళ్ళెందరు?
2. వెనక పనిలో చేరినవాళ్ళు ఎవరైనా వంటలోకి, రిసెప్షనులోకి మారారా? ఎన్నేళ్ళకు?
3. జీతం హోటలు ఇస్తుందా, కాంట్రాక్టరా? టిప్పు వెనక చేతుల దాకా వస్తుందా?
4. పనివాళ్ళు ఎక్కడ తింటారు, ఏ గ్లాసులో తాగుతారు, ఏ మరుగుదొడ్డి వాడతారు?
5. దళిత గెస్టులకు గుర్తింపు కార్డు చూపించాక గది విషయంలో మాట మారిందా?

మేనేజరు ముందు అడగొద్దు. ఆయన ఏరి పంపిన ఐదుగురితో సర్వే అయిపోయిందనుకోవద్దు. డ్యూటీ దిగాక, బయట కలవాలి. కులం ఎందుకు అడుగుతున్నామో ముందు చెప్పాలి, చెప్పనంటే వదిలెయ్యాలి. మనిషి పేరు, హోటలు పేరు రిపోర్టులో రాయొద్దు. మనకు మార్కులు రావడం కోసం వాళ్ళ వుద్యోగం పోకూడదు. ప్రభుత్వ హరిత హోటళ్ళ సిబ్బంది రోస్టరు గురించి, ప్రభుత్వ హోటల్ మేనేజిమెంటు సంస్థల్లో ఎస్సీ, ఎస్టీ సీట్ల భర్తీ గురించి 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ప్రైవేటు హోటళ్ళలో రిజర్వేషనే లేదు గనక అక్కడ మన లెక్కే ఆధారం.

‘కులం సున్నితమైన విషయం, తీసెయ్’ అని గైడు అనొచ్చు. అప్పుడు చట్టం చూపించండి. 1955లో అంటరానితనం నేరాల చట్టంగా వచ్చి 1976లో పౌర హక్కుల రక్షణ చట్టంగా పేరు మారిన చట్టంలో 4వ సెక్షను అంటరానితనం కారణంగా హోటలు ప్రవేశం, అక్కడి పాత్రల వాడకం అడ్డుకోవడాన్నీ, ఉద్యోగంలో అడ్డు పెట్టడాన్నీ నేరమంటుంది. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి అయిదు వందల జరిమానా. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో తెచ్చిన సవరణ కూడా దుకాణాలు, బహిరంగ స్థలాల్లోకి రానివ్వకపోవడాన్ని, అందరికోసం పెట్టిన పాత్రలు వాడనివ్వకపోవడాన్ని నేరాల్లో చేర్చింది. చట్టం నేరమన్నదాన్ని పరిశోధన ప్రశ్నగా కూడా అడగకూడదనడం ఏం న్యాయం?

ఎంగిలి పళ్ళేలు కడిగినవాళ్ళ పిల్లలు ఇవాళ ప్రశ్నాపత్రం తయారుచేసే చోటికి వచ్చారు. అదే పాత కాగితాన్ని జిరాక్సు తీసి పంచడానికి మాత్రం కాదు. విద్యార్థులు ఆ గడి చేర్చాలి. టీచర్లు దాన్ని కొట్టెయ్యకుండా సంతకం పెట్టాలి. కార్యకర్తలు ఆ రిపోర్టును లైబ్రరీ అరలో పడివుండనియ్యకుండా కార్మిక శాఖ దాకా, కలెక్టరు దాకా తీసుకెళ్ళాలి.