తారు, డాంబరు, బీటీ: జైపూర్ బొగ్గు రహదారుల్లో పైపొర పదార్థాల ఎంపిక – పదాల స్పష్టత

సారాంశం

మంచిర్యాల జిల్లా జైపూర్ పరిసరాల్లో బరువు వాహనాలు తిరిగే రహదారులకు మళ్లీ పైపొర వేసేటప్పుడు ఏ పదార్థాన్ని ఎందుకు ఎంచుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. వాడుకలోని తారు, డాంబరు, బీటీ అనే మాటలు ఈ ఎంపికను ప్రజల దృష్టికి అందకుండా ఎలా చేస్తున్నాయో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తారు, డాంబరు, బిటుమెన్, స్నిగ్ధత, కంకర, పైపొర, సింగరేణి, జైపూర్.

ఉపోద్ఘాతం

మంచిర్యాల నుంచి చెన్నూరు వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి మీద జైపూర్ ఉంది. మండలంలోని పెగడపల్లిలో 600 మెగావాట్ల యూనిట్లు రెండింటితో సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం, ఇందారంలో ఓపెన్‌కాస్ట్ గని, పక్కనే శ్రీరాంపూర్ గనులు, గోదావరి ఆవలి ఒడ్డున గోదావరిఖని, రామగుండం. బొగ్గు, బూడిద, ఇసుక, సిమెంటు మోసే లారీలూ టిప్పర్లూ తిరిగే ఈ దారుల మీదే షిఫ్టు కార్మికులు ద్విచక్రవాహనాలపై వెళ్తారు. చక్రాల దారిలో రోడ్డు కుంగి గాడి పడితే లారీకి అది కుదుపు మాత్రమే. వర్షపు నీరు నిండిన ఆ గాడి బైకు మీద వెళ్లేవారికి ప్రాణాంతకం. ఆ గాడి పడటానికి అధిక బరువుతోపాటు, ఆ బరువుకు తగని పదార్థాన్ని ఎంచుకోవడం కూడా తరచుగా కారణమవుతుంది. ఆ ఎంపికను ప్రశ్నించవలసిన ప్రజల భాషలో అందుకు తగిన మాటలు లేకపోవడం మరొక సమస్య.

మూడు పేర్లు

కోస్తా జిల్లాల్లో ఎక్కువగా 'తారు రోడ్డు' అంటారు. తెలంగాణలో 'డాంబరు రోడ్డు' అన్న మాట వినిపిస్తుంది. పత్రికల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో 'బీటీ రోడ్డు' స్థిరపడింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ రోడ్డు మీద నిజంగా ఉన్న పదార్థాన్ని చెప్పదు.

డాంబరు అనే మాట మరాఠీ, కన్నడ, హిందీ భాషల్లో స్వల్ప భేదాలతో ఉంది. మలయ్ భాషలో చెట్టు బంకను సూచించే 'దమర్' దీనికి మూలమని చెబుతారు. పడవల అతుకుల్లో నీరు చొరకుండా పూసే బంక అది. తారు ఇంగ్లీషు నుంచి వచ్చింది. మొదట దేవదారు జాతి కలప నుంచి, తరువాత బొగ్గు నుంచి తీసిన నల్లని ద్రవానికి అది పేరు. పాత నిఘంటువుల్లో 'కీలు' అనే మాటకు సంధి, మడతబందు అనే అర్థాలతోపాటు తారు అన్న అర్థమూ కనిపిస్తుంది. ఇవన్నీ బంక పదార్థాలే. అయితే నేడు రోడ్ల మీద వాడుతున్న బిటుమెన్ వీటిలో దేనికీ చెందదు. ముడిచమురును శుద్ధి చేసి పెట్రోలు, డీజిలు వంటివి తీసేశాక అడుగున మిగిలే గట్టి పదార్థం అది. ఇక బీటీ అంటే 'బ్లాక్ టాప్', నల్లని పైపొర. ఆ పేరు రంగును తప్ప మరేమీ తెలపదు.

'బిటుమెన్' మాత్రం వినడానికి ఉన్నంత పరాయి మాట కాదు. లాటిన్‌లోని ఈ మాటకూ సంస్కృతంలో లక్క, బంక అనే అర్థాలున్న 'జతు' శబ్దానికీ మూలం ఒకటేనని కొందరు భాషాచరిత్రకారుల అభిప్రాయం. ఆయుర్వేదంలోని శిలాజతులో ఉన్నది ఆ జతువే.

బొగ్గు సీమలో ఈ తారతమ్యానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది, ఎందుకంటే అసలైన తారు బొగ్గు నుంచే వస్తుంది. శ్రీరాంపూర్ పక్కనున్న నస్పూర్‌ను జనం 'సీసీసీ నస్పూర్' అంటారు. సీసీసీ అంటే కోల్ కెమికల్స్ కాంప్లెక్స్. బొగ్గును గాలి తగలకుండా తక్కువ ఉష్ణోగ్రతలో కాల్చి పొగ రాని వంటబొగ్గు తయారుచేసే విధానం మీద హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనాశాల చేసిన కృషికి అది కొనసాగింపు. ఆ విధానంలో ఉపఉత్పత్తిగా తారు వస్తుంది. ఊరిపేరులో మిగిలిన ఆ మూడక్షరాలు చూసి, ఇక్కడి రోడ్లకు ఇక్కడి తారే ఎందుకు వాడకూడదని ఎవరైనా అడగవచ్చు. బొగ్గుతారు ఎండకు త్వరగా మెత్తబడుతుంది, చలికి పెళుసవుతుంది. పైగా అందులో కేన్సరు కలిగించే రసాయనాలు అధికం. ఒక్క సుగుణం మాత్రం ఉంది: డీజిలు పడినా కరగదు. ఈ కారణంతోనే అమెరికాలో వాహనాలు నిలిపే స్థలాలకు బొగ్గుతారు పూత వేసేవారు. ఆరోగ్య కారణాలతో 2006లో టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరం, 2011లో వాషింగ్టన్ రాష్ట్రం దాన్ని నిషేధించాయి.

బరువు లెక్క

1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో లారీలను నిరంతరం తిప్పి ఒక పెద్ద రోడ్డు పరీక్ష జరిపారు. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని అందులో తేలింది. అంటే బరువు రెట్టింపయితే నష్టం పదహారు రెట్లు. మన దేశంలో ప్రమాణంగా తీసుకునే ఇరుసు బరువు 8.16 టన్నులు. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు అనుమతించే బరువును 2018 జూలైలో కేంద్రం 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచింది. పెరిగింది 13 శాతం లోపే. నాలుగో ఘాతంలో లెక్కిస్తే ఆ ఇరుసు ఒక్కసారి దాటినప్పుడు జరిగే నష్టం ప్రమాణ ఇరుసుతో పోలిస్తే 2.44 రెట్ల నుంచి 3.94 రెట్లకు పెరుగుతుంది. అంటే సుమారు 60 శాతం అధికం. ఇదంతా చట్టానికి లోబడిన బరువు గురించే. అంతకుముందు రూపొందిన అంచనాల ప్రకారం వేసిన పొర ఈ భారానికి ముందుగా లొంగిపోవడంలో ఆశ్చర్యం లేదు.

వేగం కూడా లెక్కలోకి వస్తుంది. బిటుమెన్ గట్టిగా కనిపించినా స్వభావంలో చిక్కని ద్రవమే. లారీ వేగంగా దాటితే తట్టుకునే పొర, అదే లారీ కాటా ముందు వరుసలో ఆగి ఆగి కదిలితే కుంగుతుంది. కాబట్టి ఒకే రోడ్డులో తూకపు యంత్రం ముందు, కూడలి దగ్గర, లారీలు నిలిచే చోట వేయవలసిన పదార్థం మిగతా రోడ్డులో వేసేదానికంటే గట్టిగా ఉండాలి.

ఎండ లెక్క

బిటుమెన్ గట్టిదనాన్ని ఒకప్పుడు సూదితో కొలిచేవారు. 25 డిగ్రీల వేడిమి దగ్గర వంద గ్రాముల బరువున్న సూది ఐదు సెకన్లలో ఎంత లోతు దిగిందో చూసి 60/70, 80/100 అని పేర్లు పెట్టేవారు. పాతతరం గుత్తేదారుల నోట ఈ అంకెలు నేటికీ వినిపిస్తాయి. మే నెలలో రామగుండం ప్రాంతపు రోడ్డు 25 డిగ్రీల దగ్గర ఉండదు కదా! గాలి ఉష్ణోగ్రతే 45 డిగ్రీలకు చేరే ఈ సీమలో నల్లని రోడ్డు అంతకన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 73 ఈ లోపాన్ని 2006లో సరిదిద్ది, 60 డిగ్రీల దగ్గర స్నిగ్ధతను కొలిచే పద్ధతిని తెచ్చింది. అలా వచ్చినవే వీజీ-10, వీజీ-20, వీజీ-30, వీజీ-40 శ్రేణులు. వీజీ అంటే స్నిగ్ధతా శ్రేణి. అంకె పెరిగినకొద్దీ పదార్థం గట్టిపడుతుంది. 2013 నాటి సవరణ ప్రకారం ఏడు రోజుల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 38 నుంచి 45 డిగ్రీలుంటే వీజీ-30, 45 దాటితే వీజీ-40 తగినవి.

జైపూర్ ఈ రెండింటి సరిహద్దులో ఉంది. బరువునూ నెమ్మదినీ కలిపి చూస్తే తులాభారం వీజీ-40 వైపు మొగ్గుతుంది. అయితే గట్టిదనానికి మరో ముఖం పెళుసుదనం. పగిలిన పాత రోడ్డు మీద పలుచగా వీజీ-40 పొర వేస్తే కింది పగులు త్వరలోనే పైకి వస్తుంది. అటువంటి చోట సాగి మళ్లీ యథాస్థితికి రాగల పాలిమర్ కలిపిన బిటుమెన్ మేలు. ధర ఎక్కువే, నిల్వలోనూ జాగ్రత్త కావాలి; మళ్లీ మళ్లీ అతుకులు వేసే ఖర్చుతో పోల్చి చూడాలి. శ్రేణి మారితే పని తీరూ మారుతుంది. వీజీ-30 మిశ్రమాన్ని కనీసం 140 డిగ్రీల దగ్గర పరవాలి, వీజీ-40 మిశ్రమాన్ని 150 దగ్గర. దూరపు ప్లాంటు నుంచి టార్పాలిన్ కప్పకుండా తెచ్చిన వీజీ-40 మిశ్రమం కాగితం మీద మాత్రమే మంచిది.

రాయి, నీరు

పైపొరలో బిటుమెన్ బరువు ఐదారు శాతమే, మిగిలినదంతా రాయి. గని తవ్వకాల్లో కొండలుగా పోగుపడిన మట్టిరాళ్లు కళ్లముందే ఉండగా కంకరను దూరం నుంచి తేవడం వింతగా తోచవచ్చు. కానీ బొగ్గు పొరలతో కలిసి ఉండేది ప్రధానంగా ఇసుకరాయి; లారీ చక్రాల కింద అది నలిగిపోతుంది. కరీంనగర్ వైపు గ్రానైట్ గట్టిది. కానీ సిలికా ఎక్కువగా ఉండటం వల్ల దానికి బిటుమెన్ కన్నా నీటితో పొత్తు ఎక్కువ. తడి చేరితే నల్లని పూత రాయిని వదిలేస్తుంది. మంచిర్యాల సిమెంటు పరిశ్రమకు ఆధారమైన సున్నపురాయి బిటుమెన్‌ను బాగా పట్టుకుంటుంది, కానీ టైర్ల రాపిడికి నునుపెక్కి జారుడవుతుంది. కాబట్టి గ్రానైట్ కంకర వాడి, పూరకంగా తడి సున్నపు పొడిని సుమారు 2 శాతం కలపడం మంచి మార్గం. సున్నపురాయి గుణం ఆ రూపంలో రోడ్డుకు దక్కుతుంది.

పొరల మధ్య వేసే పూతకు ఎమల్షన్ వాడతారు. నీటిలో సూక్ష్మ బిందువులుగా కలిపిన బిటుమెన్ అది. చల్లినప్పుడు గోధుమ రంగులో ఉండి, నీరు విడిపోగానే నల్లబడుతుంది. నల్లబడక ముందే మిశ్రమం పరిస్తే పొర అతుక్కోదు. ఇది పరికరమేదీ లేకుండా దారిన పోయేవారు కూడా గమనించగల విషయం.

పైపొరతో తీరని జబ్బులు

మొసలి చర్మంలా చిన్న చిన్న పలకలుగా పగిలిన రోడ్డు, పై పదార్థం మార్చితే బాగుపడదు. ఇంజనీర్ల ఇంగ్లీషులోనూ ఆ పగులుకు మొసలి జాతి జంతువు పేరే ఉంది. శివ్వారం మొసళ్ల అభయారణ్యం ఉన్న మండలంలో ఈ ఉపమానాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఆ పగుళ్లకు కారణం కింది పొరల బలహీనత. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంటే ఎంత ఖరీదైన పైపొర అయినా దానితోపాటే కదులుతుంది. అందుకే బెంకెల్‌మన్ బీమ్ వంటి పరికరంతో బరువు కింద రోడ్డు ఎంత వంగుతున్నదో కొలిచి, ఆ తరువాతే పొర మందాన్ని నిర్ణయించాలని భారత రహదారుల కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ 81 చెబుతుంది. డీజిలు, హైడ్రాలిక్ నూనె నిత్యం కారే లారీ యార్డుల్లో బిటుమెన్‌కు బదులు సిమెంటు కాంక్రీటే తగినది. ఇక థర్మల్ కేంద్రపు బూడిద స్థానం పైపొరలో కాదు, కట్టలో. అదీ పక్కలను మట్టితో కప్పినప్పుడే.

ఫలకం మీది తెలుగు

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నిబంధనల్లో, రోడ్డు పక్కన స్థానిక భాషలో పెట్టే పౌర సమాచార ఫలకం మీద ఒక్కో పొరలో వాడిన పదార్థాల పరిమాణం రాయాలని ఉంది. బరువు లారీలు తిరిగే రహదారులకు ఇది ఇంకా అవసరం. తెలుగులో రాయబోయేటప్పుడు మాత్రం తారు అనే ఒకే మాట బిటుమెన్‌కూ, ఎమల్షన్‌కూ, కంకర కలిపిన మిశ్రమానికీ వాడుకలో ఉండటం అడ్డు తగులుతుంది. బిటుమెన్, ఎమల్షన్ అనే మాటలను అట్లాగే ఉంచి, మిశ్రమానికి 'తారు కంకర', బిటుమెన్ గట్టిదనానికి 'స్నిగ్ధతా శ్రేణి' అని వాడటం ఆచరణయోగ్యం. తారు అనే మాటను తొలగించనక్కరలేదు; దాని పరిధిని నిర్దేశిస్తే చాలు.

సమాచార హక్కు చట్టం–2005లోని సెక్షన్ 2(జె), పనులను పరిశీలించే హక్కుతోపాటు పదార్థాల ధ్రువీకృత నమూనాలు తీసుకునే హక్కునూ పౌరులకు ఇచ్చింది. 'మా రోడ్డుకు నాణ్యమైన తారు వేశారా' అని అడిగిన దరఖాస్తుకు 'వేశాము' అన్న ఒక్క మాట సరిపోతుంది. అదే దరఖాస్తులో 'పైపొరలో వాడిన బిటుమెన్ స్నిగ్ధతా శ్రేణి ఏది, పొర మందం ఎన్ని మిల్లీమీటర్లు, పరచినప్పుడు నమోదైన ఉష్ణోగ్రత ఎంత, పూరకంగా సున్నం కలిపారా' అని రాస్తే, రికార్డు తెరవకుండా జవాబు ఇవ్వడం సాధ్యం కాదు.