అడవి కాపుకు ఊరి కుర్రాళ్లు

సంక్రాంతి వెళ్లి కంది కోతలు అయిపోయాక అడవి ఒడ్డు ఊళ్లలో కుర్రాళ్లకు పని ఉండదు. ఇంటరు తప్పినవాడూ, పాసై ఇంటి దగ్గరే ఉన్నవాడూ ఇద్దరూ రచ్చబండ మీదే కనిపిస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అటవీ శాఖకు మనుషులు కావలసి వస్తారు. ఫిబ్రవరి నడిమి నుంచి జూన్ నడిమి దాకా మన అడవులకు నిప్పుల కాలం. ఆ నాలుగు నెలలకు ఫైర్ వాచర్లుగా ఊరి యువకులను రోజు కూలీ మీద పెట్టుకుంటారు. ఆత్మకూరు, దోర్నాల, అచ్చంపేట వైపు రైతులకు ఇది తెలిసిన సంగతే. అయితే ఆ పనిలో ఏం నేర్పుతారు, మన చేనుకు దానితో ఏం సంబంధం అన్నది చాలామంది పట్టించుకోరు.

నల్లమల ఆకురాల్చే అడవి. వేసవి ముదిరేసరికి టేకు, చిరుమాను ఆకు రాల్చి మోడులై నిలబడతాయి. కింద మోకాటి ఎత్తున ఎండుగడ్డి, దాని మీద ఆకు. ఒక్క బీడీ ముక్క చాలు. పిడుగు పడి అంటుకునేది చాలా తక్కువ, దాదాపు అంతా మనుషుల పనే. ఇప్పపువ్వు ఏరేవాళ్లు చెట్టు కింద శుభ్రంగా ఉంటుందని ఆకు అంటిస్తారు. తునికి చిగురు బాగా వస్తుందని కొందరు, తొలకరికి లేతగడ్డి లేస్తుందని పశువుల కాపర్లు నిప్పు పెడతారు. చేలో పత్తి కట్టె తగలబెట్టే మనమూ తక్కువ తినలేదు. గాలి తిరిగితే నిప్పు గట్టు దాటడానికి ఎంతసేపు?

అడవి కాలితే మనకేం అనుకోవద్దు. పెద్ద చెట్లు చాలావరకు బతుకుతాయి, చచ్చేవి మొలకలు. నేల మీది ఆకు పొర పోతుంది. వాన చినుకు తిన్నగా మట్టిని కొడుతుంది. నీరు ఇంకకుండా మట్టితో సహా వాగులోకి పారుతుంది. చెరువు పూడుతుంది, వాగు ముందుగానే ఎండుతుంది. వాగు ఒడ్డున బావి ఉన్న రెండెకరాల రైతుకు ఆ నష్టం లెక్క కట్టి చూపక్కర్లేదు.

మొదటి పని ఫైర్ లైన్లు. అడవి హద్దుల వెంట, దారుల వెంట గడ్డి కోసి, ఎండాక గాలిలేని పొద్దున పూట మనుషులు కాపు ఉండగా కాల్చేస్తారు. తర్వాత వచ్చే మంట ఆ బోడి నేల దగ్గర ఆగాలి. దీన్ని నిప్పుల కాలం మొదలయ్యేలోపే ముగించాలి, ఆలస్యమైతే లైను తీసే నిప్పే కార్చిచ్చవుతుంది.

మంట ఆర్పడానికి పచ్చిమండలే ఆయుధం. ఎదురుగా నిలబడి కొట్టకూడదు. కాలి నల్లబడిన వైపు నుంచి, పక్కల నుంచి కొట్టుకుంటూ రావాలి. మంట కొండ ఎక్కేటప్పుడు పరుగెత్తుతుంది కాబట్టి దానికి పైన ఎవరూ ఉండరాదు. నైలాన్, టెరిలిన్ బట్టలు ఒంటికి అతుక్కుపోతాయి, నూలు బట్టలే వేసుకోవాలి. మంట ఆరాక కూడా మొద్దుల్లో నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. మట్టి కప్పందే ఇంటికి రాకూడదు. ఎదురు మంట పెట్టడం అనుభవం ఉన్నవాళ్ల పని, కొత్తవాళ్లు ముట్టుకోవద్దు.

డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహం చూసిన మంటలను ఫోన్లకు సందేశంగా పంపుతోంది. బాగానే ఉంది కానీ ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే మన మీదుగా వెళ్తుంది. పొగను ముందు చూసేది గుట్టమీది కుర్రాడే. నల్లమల బేస్ క్యాంపుల్లో ప్రొటెక్షన్ వాచర్లుగా ఉన్న చెంచు యువకుల వెంట నాలుగు రోజులు తిరిగితే, అడుగుజాడ చూసి జంతువేదో, ఎంతసేపటి కిందట పోయిందో చెప్పడం వస్తుంది. అది ఏ పుస్తకంలోనూ దొరకని చదువు.

ఇలాంటి పనే అమెరికాలో 1933లో పెద్ద ఎత్తున పెట్టారు. కరువు, మాంద్యం రోజులవి. పెళ్లికాని యువకులను క్యాంపుల్లో ఉంచి తిండి, బట్ట ఇచ్చి, నెలకు 30 డాలర్ల జీతంలో దాదాపు 25 డాలర్లు నేరుగా ఇంటికి పంపేవారు. 1942లో ఆపేదాకా సుమారు 30 లక్షల మంది పనిచేశారు. మొక్కలు నాటారు, నిప్పులు ఆర్పారు, కోసుకుపోయిన రైతుల పొలాల్లో కట్టలు వేశారు. సొమ్ము ఇంటికే చేరడం అందులో మెచ్చుకోవలసిన ఏర్పాటు. మన దగ్గర కూలీ నెలలు గడిచినా రాలేదన్న మాట చాలా ఊళ్లలో వినబడుతుంది.

అందుకే పనిలో చేరేముందే రోజు కూలీ ఎంత, ఏ ఖాతాలో ఎప్పుడు పడుతుంది, దెబ్బ తగిలితే వైద్యం ఎవరు చూస్తారు అన్నవి రేంజి కార్యాలయంలో అడగండి. సిగ్గుపడవద్దు. వెళ్లిన రోజులు నోటు పుస్తకంలో రాసి, బీటు అధికారి సంతకం తీసుకోవాలి. ఇది శాశ్వత ఉద్యోగం కాదు, ఆ ఆశతో పంపవద్దు. అయితే బీటు అధికారి ఉద్యోగానికి నడక పరీక్ష ఉంటుంది. మగవారు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవారు 16 కిలోమీటర్లు నడవాలి. వేసవంతా గుట్టలెక్కిన పిల్లలకు అది కష్టం కాదు.

మనుషుల ఎంపిక జనవరిలోనే జరిగిపోవచ్చు. పండగ కాగానే బీటు అధికారిని కలిసి పేరు చెప్పించండి. మీ ఊళ్లో వన సంరక్షణ సమితి ఇంకా నడుస్తుంటే అధ్యక్షుడికీ ఓ మాట చెప్పండి.